ప్రౌఢవయస్సున స్వరారంభము

భాగ్యనగరమునకు తూర్పున, విజయవాడకు పోవు జాతీయ రహదారికి ఇరుప్రక్కల పరచుకొన్న దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి. నగర్ ప్రాంతములను విద్యాక్షేత్రమనిన అతిశయోక్తి కానేరదు. నల్లగొండ, ఖమ్మము, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలనుండి సంచి భుజమున వేసికొని బస్సు దిగిన యువకుడు మొదట వెదకికొనునది హాస్టలు. పిమ్మట చేరునది కోచింగు సెంటరు. ఎప్‌సెట్, గ్రూప్స్, బ్యాంకు పరీక్ష, పోలీసు ఉద్యోగము, కంప్యూటరు కోర్సు అని అచ్చటి మేడల గోడలన్నియు విద్యను గూర్చియే పలుకుచుండును. అయితే ఆ వీథులలో విద్య ఎన్నడును ఒంటరిగా కనబడదు. దాని వెనుకనే పరీక్ష, పరీక్ష వెనుకనే ర్యాంకు, ర్యాంకు వెనుకనే ఉద్యోగము నిలిచియుండును. ఇందు నిందింపదగినది ఏమియు లేదు. అప్పుచేసి పంపిన తలిదండ్రుల బిడ్డకు ఆ విద్యయే రేపటి అన్నము. ఆ అన్నమును తక్కువ చేసి మాటలాడుటకు కడుపు నిండినవానికి అధికారము లేదు.

అట్టి వీథులలోనే, కోచింగు సెంటర్ల పై అంతస్తులలోను, కాలనీల లోపలి ఇండ్లలోను, చిన్న చిన్న సంగీత తరగతులు నడచుచుండును. సాయంకాలము అచ్చటికి వచ్చువారిలో అధికులు పిల్లలే: కొందరు ట్రినిటీ వారి గ్రేడు పరీక్షల కొరకు, కొందరు బడి వార్షికోత్సవము కొరకు, కొందరు ఆదివారపు ప్రార్థనలో పాటకు తోడుగా కీబోర్డు వాయించుటకు నేర్చుకొందురు. వారి నడుమ అప్పుడప్పుడు నలుబదియో ఏబదియో దాటిన మనుష్యుడొకడు, ఆఫీసునుండి తిన్నగా వచ్చినవాడు, బ్యాగు గోడకు చేర్చి, తన కుమారుని వయసువాని ప్రక్కన కుర్చీ లాగికొని కూర్చుండును. లేదా పిల్లల చదువులు ముగిసి ఇల్లు కొంత తెరిపినపడిన గృహిణి యొకతె, చిన్ననాట అందని పియానోను ఇప్పుడైన ముట్టవలెనని వచ్చును. ఇంటివారు, ఇరుగుపొరుగువారు, ఒకానొకప్పుడు ఆ తరగతిలోని పిల్లలే, వారినడుగు ప్రశ్న ఒక్కటే: "ఈ వయసులో ఇదెందుకండీ?"

అడుగువారు దీనిని పలకరింపుగానే అడుగుదురు. వినువారు చిరునవ్వుతోనే దాటవేయుదురు. కాని ఈ ప్రశ్నను దాటవేయరాదనియు, ఇది మన ధర్మచింతన పురాతనకాలమునుండి ఎదుర్కొనుచున్న గంభీరమైన ప్రశ్నకు నేటి రూపమనియు నా నమ్మకము. ఫలము చేతికి రాదని ముందే తెలిసిన విద్యను మనుష్యుడు ఆరంభింపవచ్చునా? ఆరంభించినచో అది కాలహరణమా, సాధనయా? ఏబదవయేట పియానో ముందు కూర్చున్నవాడు సభలలో వాయింపబోడు, దానితో జీవిక సంపాదింపబోడు, సంగీతశాస్త్ర పారమును చూడబోడు. ఇది అతనికిని తెలియును. ఇంత తెలిసియు అతడు కూర్చున్నాడనిన, దిల్‌సుఖ్‌నగర్ వీథులలో విద్యకును ఫలమునకును పడిన ముడిని అతడు తన మట్టుకు విప్పినాడన్నమాట. ఆ ముడి విప్పిన పిదప మిగులునదేది అన్నదే విచారణీయము.

మొదట అతడు నేర్చునదేమో చూతము. నిజమైన పియానో రెండు మూడు వందల కిలోల బరువుండును గనుక మన అపార్టుమెంట్లలో అది అరుదు. సాధారణముగా అరువదియొక్క మెట్ల కీబోర్డుతోనే ఆరంభమగును, శ్రద్ధ నిలిచినవారు ఎనుబది ఎనిమిది మెట్ల డిజిటల్ పియానో కొందురు. ఎనుబది ఎనిమిదింటిలో తెల్లవి 52, నల్లవి 36. నల్లమెట్లు రెండు, మూడు, రెండు, మూడు చొప్పున గుంపులుగా నుండును. రెంటి గుంపునకు ఎడమప్రక్కన ఆనుకొనియున్న తెల్లమెట్టు సి. అచ్చటినుండి వరుసగా తెల్లమెట్లను నొక్కుకొని పోయిన సి మేజర్ స్కేలగును. మన చెవికి అది శంకరాభరణము. హార్మోనియము ప్రక్కన కూర్చుండి భజన విన్నవారెవరికైనను ఒకటవ శ్రుతి, ఒకటిన్నర శ్రుతి అను మాటలు పరిచితములే. ఆ ఒకటియే ఈ సి, ఆ ఒకటిన్నరయే దాని కుడివైపు నల్లమెట్టు.

తెలుగు చెవి గల ప్రౌఢునకు ఇచ్చట ఒక ఆనందము కాచుకొని యుండును. అది పిల్లలకు లభించునది కాదు. తెల్లమెట్లమీదనే, సి కి బదులు డి ని షడ్జముగా గ్రహించి నడచినచో ఖరహరప్రియ స్వరములు వచ్చును. ఇ నుండి నడచిన హనుమతోడి, ఎఫ్ నుండి మేచకల్యాణి, జి నుండి హరికాంభోజి, ఎ నుండి నటభైరవి. ఒక్క బి నుండి మాత్రము శుద్ధపంచమము దొరకక మేళము నిలువదు. నల్లమెట్లు ఐదింటిని మాత్రమే తీసికొని, మూడింటి గుంపులో మొదటిదానిని షడ్జము చేసికొన్న మోహనము, రెండవదానిని చేసికొన్న మధ్యమావతి, మూడవదానిని చేసికొన్న హిందోళము; రెంటి గుంపులో మొదటిదానినుండి శుద్ధసావేరి, రెండవదానినుండి శుద్ధధన్యాసి. గమకము లేనిదే ఇవి రాగములు కావు, రాగములకు ఆధారమైన స్వరసంచయములు మాత్రమే. అయినను, జన్మమంతయు వినుచు వచ్చిన పాటలు ఒకే కుటుంబమువారని, షడ్జము మారినంతనే లోకమే మారునని, తన వ్రేలితో తాను కనుగొన్నవానికి కలుగు విస్మయము సామాన్యమైనది కాదు. ఉన్న స్వరములు ఉన్నట్లే యుండగా, ఆధారమును మార్చినంత మాత్రమున శంకరాభరణము తోడి యగుట చూచినవాడు, దృష్టిభేదముచేత ఒకే సత్యము పలువిధములుగా భాసించునను వేదాంతవాక్యమును ఇకమీదట వట్టి మాటగా వినడు.

అయితే ఈ విస్మయము బుద్ధికి సంబంధించినది. బుద్ధి త్వరగా నడచును. మధ్యవయస్కుడైన విద్యార్థి మేజర్ స్కేలు నిర్మాణమును, అనగా రెండు పూర్తిమెట్లు, ఒక అరమెట్టు, మూడు పూర్తిమెట్లు, ఒక అరమెట్టు అను సూత్రమును, ఒక సాయంకాలములో గ్రహించును. పదునొకండేండ్ల పిల్లవానికంటె చక్కగా వివరింపనుకూడ గలడు. కాని అదే స్కేలును కుడిచేతితో సమముగా వాయింపుమన్నచో తడబడును. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు స రి గ లను నొక్కిన పిదప, బొటనవ్రేలు నడిమివ్రేలి క్రిందుగా దూరి మధ్యమమును అందుకొనవలెను. ఎడమచేతికి ఈ మలుపు వేరొకచోట: చిటికెనవ్రేలితో మొదలై, పంచమముపై బొటనవ్రేలు పడిన పిదప నడిమివ్రేలు దానిమీదుగా దాటి ధైవతమును పట్టవలెను. రెండుచేతులు కలిపి వాయించునప్పుడు ఒకటి మలుపు తిరుగుచుండగా రెండవది తిన్నగా పోవలెను. పిల్లవాడు దీనిని ఆడుకొనుచు అలవరచుకొనును. ప్రౌఢుడు తెలిసియు చేయలేక, తన చేయి తన మాట వినకుండుటను నెలల తరబడి చూచును.

ఈ తెలియుటకును చేయుటకును నడుమ గల అగాధమే, నా భావమున, ప్రౌఢవయస్సున నేర్చు సంగీతము మనకు ప్రసాదించు ప్రథమ తత్త్వపాఠము. మన పెద్దలు ఆత్మవిద్యకు శ్రవణము, మననము, నిదిధ్యాసనము అని మూడు దశలను చెప్పిరి. వినినంతనే అర్థమైనదని, అర్థమైనంతనే సిద్ధించినదని భ్రమించువాడు ఆ మార్గమున మొదటి మలుపులోనే నిలిచిపోవును. నలుబది ఏండ్లు దాటిన మనలో చాలమంది ధర్మము విషయమున ఉన్నది ఈ స్థితిలోనే. కోపము చెడ్డదని తెలియును, తెలిసియు కోపగింతుము. ఆశకు అంతము లేదని ప్రతి పురాణశ్రవణమునందును వింటిమి, వినియు ఆశపడుదుము. తెలిసినది శరీరమున, స్వభావమున ఇంకిపోవుటకు పట్టు కాలమెంతయో, దానికి కావలసిన ఓపిక యెట్టిదో, మాటలలో చెప్పిన గ్రంథములు అనేకములు కలవు. ప్రతిదినము కన్నులయెదుట చూపునది అభ్యాసము. యోగసూత్రకారుడైన పతంజలి అభ్యాసము దృఢపడుటకు మూడు నియమములు చెప్పినాడు: అది దీర్ఘకాలము సాగవలెను, ఎడతెగకుండవలెను, ఆదరముతో చేయబడవలెను. ఈ మూడవది ముఖ్యము. విసుగుతో నూరుమార్లు చేసినది చేతికి అంటదు. ఆదరముతో పదిమార్లు చేసినది అంటును. పియానో నేర్పు గురువులందరు మెల్లగా వాయింపుమని మొదట చెప్పుటకు కారణమిదియే. త్వరపడి తప్పుగా వాయించిన ప్రతి పర్యాయమును చేయి ఆ తప్పునే నేర్చుకొనును.

అభ్యాసమునకు మితము కూడ అవసరమని తెలుపుటకు ఈ నేలయే సాక్ష్యమిచ్చును. చైతన్యపురిలో మూసీ ఒడ్డున ఫణిగిరి గుట్టపై, నరసింహస్వామి ఆలయము చెంత, బండపై చెక్కిన ప్రాకృత శాసనమొకటి కలదు. అది క్రీస్తు తరువాత నాల్గవ, ఐదవ శతాబ్దుల నాటిదని పండితులు నిర్ణయించిరి. అందు గోవిందరాజ విహారమను బౌద్ధవిహారము పేర్కొనబడినది. నేడు మెట్రో స్తంభముల నీడలో విద్యార్థులు పరుగులిడు ఈ చోటనే ఒకప్పుడు భిక్షువులు నివసించిరి. బౌద్ధవాఙ్మయమున ప్రసిద్ధమైన సోణుని కథను వారును చెప్పుకొనియుందురు. సంపన్న కుటుంబమున పుట్టి, సన్న్యసించిన సోణుడు, పాదములు పగిలి రక్తము కారునట్లు చంక్రమణము, అనగా నడచుచు చేయు ధ్యానము, చేసియు సిద్ధి పొందక, ఇల్లు చేరుదమా అని తలపోసెను. అతడు పూర్వాశ్రమమున వైణికుడని ఎరిగిన బుద్ధుడు, తంత్రి మిక్కిలి బిగిసినను, మిక్కిలి వదులైనను వీణ పలుకదు కదా, ప్రయత్నమును అట్టిదేనని బోధించెను. ఆలస్యముగా ఆరంభించినవాడు పోయిన కాలమునంతయు ఒక్కమారుగా పట్టుకొనవలెనని ఆదివారము నాలుగు గంటలు మెట్లను బాదును. తక్కిన ఆరుదినములు వాటిని ముట్టడు. మొదటిది బిగిసిన తంత్రి, రెండవది వదులైన తంత్రి. దినమునకు అరగంట యైనను తప్పక కూర్చుండుట సమమైన శ్రుతి.

ఇంతవరకు చెప్పినది శ్రమను గూర్చి. శ్రమకంటె గొప్ప ఆటంకము మరియొకటి కలదు, అది లజ్జ. పిల్లవాడు తప్పు వాయించిన నవ్వి మరల వాయించును. ఏబదియేండ్ల మనుష్యుడు, ఇంటియందు యజమాని, ఆఫీసునందు పదిమందికి పైవాడు, తన తప్పును పదేండ్ల పిల్లల ముందు విననోపడు. ఎలెక్ట్రానిక్ కీబోర్డులకు హెడ్‌ఫోను సౌకర్యముండుట ఇట్టివారికి గొప్ప వరమైనది: రాత్రి పదిగంటలకు, గోడ అవతలివారి నిద్ర చెడకుండ, తన తప్పులను తానొక్కడే వినుచు వాయించుకొనవచ్చును. ఇది ఇరుగుపొరుగు ధర్మము, మెచ్చదగినదే. కాని రాత్రి నియమము పగటి ఆశ్రయమై, ఎవ్వరు వినకుండుటయే అలవాటైనచో, ఆ హెడ్‌ఫోను అభ్యాసమును గాక అహంకారమును కాపాడుచున్నదని గ్రహింపవలెను.

ఈ విషయమున మన పురాణములు చెప్పిన కథ ఎంత సూక్ష్మమైనదో! లింగపురాణమునందును అద్భుతరామాయణమునందును నారదుని సంగీతశిక్షను గూర్చిన గాథ కలదు. విష్ణుసన్నిధిని తుంబురునికి జరిగిన గౌరవమును చూచి మాత్సర్యముచే దహింపబడిన నారదుడు, అప్పటికే దేవర్షి, లోకపూజ్యుడు, తనకు గానవిద్య రాదని మొదటిసారి గుర్తించెను. దైవాజ్ఞచే అతడు గురువుగా ఆశ్రయించినది మానసోత్తర పర్వతముననున్న గానబంధువు. ఆ గానబంధువు ఒక గుడ్లగూబ. త్రిలోకసంచారియైన ముని పక్షిముందు శిష్యుడై కూర్చుండెను. ఆ గురువు అతనికి మొట్టమొదట చెప్పిన నియమము స్వరమును గూర్చినది కాదు, తాళమును గూర్చినది కాదు: గానమునందు లజ్జను విడువవలెనన్నదే. వేయి దివ్యవర్షములు నేర్చి, తుంబురుని జయింపబోయిన నారదునికి ఆ గాయకుని ఇంటిచెంత అవయవములు ఛిన్నమైన స్త్రీపురుషులు కానవచ్చిరి. మీరెవరని అడుగగా, తాము రాగములమనియు, స్వరములమనియు, నారదుని గానముచేత తమకీ గతి పట్టినదనియు, తుంబురుడు పాడినచో మరల స్వస్థులమగుదుమనియు వారు చెప్పిరి. అప్పుడు నారదుడు మరల శిష్యత్వము వహించెను. కృష్ణావతారకాలమున జాంబవతి, సత్యభామ, రుక్మిణుల యొద్ద, తుదకు కృష్ణుని యొద్ద నేర్చెను. పదునారవ శతాబ్దిలో పింగళి సూరన తన కళాపూర్ణోదయమునందు కథకు బీజముగా గ్రహించినది ఈ నారదతుంబురుల స్పర్ధనే.

ఈ కథను ప్రౌఢవిద్యార్థి తన కథగా చదువుకొనవలెను. నారదునికి లోపించినది ప్రతిభ కాదు, తపస్సు కాదు. వేయి వర్షములు నేర్చియు అతడు స్వరములను గాయపరచినాడనిన, అతని విద్య వెనుక తుంబురుని గెలువవలెనన్న కోరిక ఉండుటచేతనే. గెలుపు కొరకు నేర్చిన స్వరము గాయపడును. స్వరము కొరకే నేర్చిన స్వరము స్వస్థమగును. లజ్జ అన్నది ఆ గెలుపు కోరికకే రెండవ ముఖము: ఇతరులకంటె మిన్నగా కనబడవలెనన్నవానికే ఇతరులకంటె తక్కువగా కనబడుదునేమో అను భయముండును. కావున గానబంధువు లజ్జను విడువుమనుట సిగ్గుమాలి ప్రవర్తింపుమనుట కాదు, పోలిక విడువుమనుట.

గ్రీసు దేశమునందు సోక్రటీసును ఇట్లే చేసినాడు. ప్లేటో రచించిన ఒక సంవాదమున ఆ తత్త్వవేత్త తాను వృద్ధాప్యమున కొన్నసు అను గురువునొద్ద తంత్రీవాద్యము నేర్చుచుంటిననియు, తోటి శిష్యులైన బాలురు తనను చూచి నవ్వి గురువును ముసలివాండ్ర పంతులని పిలుచుచున్నారనియు చెప్పుకొన్నాడు. అతడు నవ్వుకు వెరచి మానలేదు. తనవంటి వయోవృద్ధులను మరికొందరిని ఒప్పించి తనతోపాటు శిష్యులుగా తీసికొనిపోయినాడట! తనకేమియు తెలియదని లోకమునకు చాటిన జ్ఞాని, ఆ మాటను నోటితో అని ఊరకుండక, బాలురనడుమ కూర్చుండి ఆచరణమున చూపినాడు.

ఇచ్చట సంప్రదాయప్రియులు ఒక ఆక్షేపణ తీసికొనివత్తురు. నాదోపాసన చేయదలచినవానికి వీణ కలదు, వేణువు కలదు, కంఠమే కలదు. ఇటలీలో 1700 ప్రాంతమున క్రిస్టొఫోరి నిర్మించిన యంత్రము, గమకము పలుకనిది, శ్రుతిశుద్ధి లేనిది, దీనితో ఉపాసనయేమని వారి ప్రశ్న. ఆక్షేపణ బలము లేనిది కాదు. శుద్ధమైన పంచమము కంపనసంఖ్యలో షడ్జమునకు ఒకటిన్నర రెట్లు. అట్టి పంచమములు పన్నెండింటిని ఒకదానిపై ఒకటి పేర్చిన ఏడు స్థాయిలు దాటి మరల షడ్జమును చేరవలసియుండగా, చేరదు, కొంచెము మించిపోవును. స్థాయిని 1200 సెంట్లుగా విభజించినచో ఆ మించుట దాదాపు 23.5 సెంట్లు, అనగా అరమెట్టులో ఇంచుమించు నాలుగవ పాలు. పియానో ఈ మిగులును పన్నెండు పంచమములకును సమముగా పంచి సరిపెట్టును. కనుక అందలి ప్రతి పంచమమును రెండు సెంట్లు తగ్గును. అంతరగాంధారము పదునాలుగు సెంట్లు హెచ్చును. షడ్జము తప్ప సంపూర్ణముగా శుద్ధమైన స్వరము అందు లేదు. ఈ కారణముచేతను, గమకము పలుకకుండుటచేతను, దాని చెల్లెలైన హార్మోనియమును ఆకాశవాణి 1940లో బహిష్కరించినది. 1971లో గాని ఆ నిషేధము సడలలేదు. ఆ నడుమకాలమంతయు తెలుగు నాటకరంగమున పద్యమునకు శ్రుతి పట్టినది, భజనమందిరముల వెలిగినది, ఆ హార్మోనియమే.

ఆక్షేపణకు సమాధానము మన ఆలయములలోనే యున్నది. కొత్తపేట అష్టలక్ష్మీ ఆలయమునకో, కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి సన్నిధికో పోవు భక్తుడు, ఆ విగ్రహము పరబ్రహ్మమును పూర్తిగా కొలిచి చూపుచున్నదని తలపడు. అనంతమైనదానికి రూపము కల్పించునప్పుడు కొంత తగ్గింపు తప్పదని, ఆ తగ్గింపు అనుగ్రహముకొరకే యని అతడెరుగును. నిర్గుణమును పట్టలేని మనస్సునకు సగుణము ద్వారమైనట్లే, ఇరువదిరెండు శ్రుతుల సూక్ష్మతను ఇంకను వినలేని చెవికి పన్నెండు మెట్ల పియానో ద్వారము కావచ్చును. అది చేసిన చిన్న రాజీవలన పన్నెండు మెట్లలో దేనిని షడ్జముగా గ్రహించినను సంగీతము నిలుచును. ఏ ఒక్క స్వరమునకును పరిపూర్ణత నీయక అన్నిటికిని సమానమైన ఆశ్రయమిచ్చినది. ద్వారమును గమ్యమని పొరబడువాడు నష్టపోవును. ద్వారమున ప్రవేశించి ముందుకు సాగినవాడు, చెవి తేటపడిన నాడు, శుద్ధమైన అంతరగాంధారమునకై తానే పరితపించును.

ఇక పరదేశీయతను గూర్చి చెప్పవలసినది స్వల్పము. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు మద్రాసున యూరోపీయుని యొద్ద వయొలిన్ నేర్చి మన సంగీతమునకు తెచ్చినాడు. ముత్తుస్వామి దీక్షితులే పాశ్చాత్య వరుసలకు సంస్కృత సాహిత్యము కూర్చి దాదాపు నలుబది నోటుస్వర సాహిత్యములను శంకరాభరణమున రచించినాడు. ఒక శతాబ్దము గడచునప్పటికి విజయనగరమున ద్వారము వెంకటస్వామినాయుడుగారి చేతిలో ఆ వయొలిన్ తెలుగువారి స్వంత వాద్యమై పోయినది. నాదమునకు జన్మభూమి ఉండవచ్చును, ఎల్లలు లేవు.

ఫలమును గూర్చిన మొదటి ప్రశ్నకు మరల రావలెను. ఆరంభించి, పూర్తిచేయక, మధ్యలోనే ఆయువు చెల్లినచో ఏమి? ఈ ప్రశ్నను అర్జునుడే అడిగినాడు. భగవద్గీత ఆరవ అధ్యాయమున, శ్రద్ధయుండియు సిద్ధి పొందకముందే మరణించిన సాధకుడు రెంటికి చెడినవాడగునా అని అతడు సందేహింప, శ్రీకృష్ణుడు, మంచిపనిచేసిన వాడెవ్వడును దుర్గతి పొందడనియు, విడిచిన చోటినుండియే తరువాతి జన్మమున అతని సాధన సాగుననియు అభయమిచ్చినాడు. రెండవ అధ్యాయమునందును, ఈ మార్గమున ఆరంభమునకు నాశము లేదని ముందే చెప్పియున్నాడు. యాజ్ఞవల్క్యస్మృతి సంగీతమునకే దీనిని అన్వయించి పలికినది: వీణావాదన తత్త్వమును, శ్రుతిజాతులను, తాళమును ఎరిగినవాడు ప్రయాస లేకయే మోక్షమార్గమును పొందునని, గీతమెరిగినవాడు పరమపదమును అందుకొనలేకపోయినను రుద్రునికి అనుచరుడై ఆయనతో కలిసి ఆనందించునని. అసంపూర్ణమైన విద్యకు సైతము ఇంతటి గౌరవమిచ్చిన ధర్మశాస్త్రము మనది. జన్మాంతరములను నమ్మనివారికి కూడ దీని సారము చెల్లును: పూర్తియగుటవలన గాక, ఆదరముతో చేయుటవలననే సాధన సార్థకమగును. విద్యార్జనమునందు తాను ముసలితనము మరణము లేనివాడనని తలపవలెనని హితోపదేశకారుడు చెప్పుటలోని అభిప్రాయమిదియే.

గృహస్థధర్మమునకు ఇది విఘ్నము కాదా యని అడుగువారికి కూడ సమాధానము చెప్పవలెను. పిల్లల ఫీజు ఆపి పియానో కొనువాడు, రోగిష్ఠి తల్లిని విడిచి తరగతికి పోవువాడు, చేయునది సాధన కాదు. తన విధులన్నియు తీర్చిన పిదప మిగిలిన అరగంటను గూర్చియే నేను చెప్పుచున్నాను. ఆ అరగంట ఈనాడు మనలో చాలమందికి ఫోను తెరమీద కరగిపోవుచున్నది. దానిని స్వరమునకిచ్చినవాడు ఇంటివారినుండి ఏమియు హరింపడు. పైగా, తండ్రి తప్పు వాయించి, నవ్వి, మరల ఆరంభించుటను చూచిన బిడ్డకు, ర్యాంకులు చెప్పని విషయమొకటి తెలియును: విద్య పరీక్షతో ముగియదని, తప్పు అవమానము కాదని.

విద్య ఫలమునకు సాధనమగుట లోకయాత్రకు అవసరమే. కాని జీవితమున ఒక్క విద్యనైనను ఫలము కోరక, పోలిక ఎంచక, లజ్జ విడిచి అభ్యసింపనివాడు కర్మయోగమను మాటను చెవితో వినినవాడే గాని చేతితో ఎరిగినవాడు కాడు. అది పియానోయే కానక్కరలేదు. వీణ కావచ్చును, వ్యాకరణము కావచ్చును. కాని స్వరమున ఒక విశేషము కలదు: అది వాయించిన క్షణముననే పోవును, కూడబెట్టుకొనుటకు ఏమియు మిగుల్పదు, ఫలత్యాగమును నేర్పుటకు అంతకంటె తగిన గురువు లేదు. కావున, నడివయసు దాటిన నా పాఠకులారా, చిన్ననాట తలిదండ్రుల పేదరికమువలననో, ఊరిలో గురువు లేకపోవుటవలననో, మీరు కోరి విడిచిన విద్య యేదైన నుండిన, దానిని ఈ మాసమునందే ఆరంభింపుడు. పిల్లల ప్రక్కన కూర్చుండుటకు సంకోచింపవలదు. వీలైనచో మీ ఈడువారిని ఒకరిద్దరిని తోడు తీసికొనిపొండు. ఈ వయసులో ఎందుకండీ అని ఎవరైన అడిగినచో, దాటవేయక సమాధానము చెప్పుడు: నేర్చుకొనుటకే.